అందంగా ఉంది అనడానికి ఇంగ్లీషులో ఏ మాట వాడాలి: బెంగుళూరులో ఉన్న మనోళ్ళ కోసం

బెంగుళూరు ఆఫీసుల్లో మనోళ్ళని ఒకసారి గమనించండి, సర్వర్ ఎందుకు పడిపోయిందో గంటసేపు ఇంగ్లీషులో దంచేస్తారు, అదే టీమ్‌లో ఎవరైనా ఫోన్ తీసి వాళ్ళ పాప ఫోటో చూపిస్తే మాత్రం "సో బ్యూటిఫుల్" అనేసి ఊరుకుంటారు. ఉగాదికి ఎవరో పట్టుచీర కట్టుకొస్తే అదీ బ్యూటిఫుల్, నంది హిల్స్ మీద సూర్యోదయం బ్యూటిఫుల్, వైట్‌ఫీల్డ్‌లో కొలీగ్ కొత్త ఫ్లాట్ గృహప్రవేశానికి వెళ్తే అదీ బ్యూటిఫుల్, మరీ ఉత్సాహం వస్తే సూపర్. తప్పేం కాదు, కానీ అన్ని కూరల్లోనూ ఒకే మసాలా పొడి దులిపినట్టు ఉంటుంది, వినేవాళ్ళకి మీరు నిజంగా చూసి అన్నారో ఏదో అనాలి కాబట్టి అన్నారో తెలీదు.

మాటలు రాక కాదు ఇది. ప్రెట్టీ, లవ్లీ, క్యూట్, గార్జియస్, హ్యాండ్సమ్, అట్రాక్టివ్ అన్నీ అందరికీ తెలుసు. స్కూల్లో వీటన్నిటినీ సినానిమ్స్ అని ఒకే లైన్లో బట్టీ పట్టించారు, చిక్కంతా అక్కడే వచ్చింది. అన్నీ ఒకటే అనుకుంటాం, లేదంటే మార్కుల లెక్కన, ప్రెట్టీ అంటే పాస్ మార్కులు, బ్యూటిఫుల్ అంటే ఫస్ట్ క్లాస్, గార్జియస్ అంటే డిస్టింక్షన్ అనుకుంటాం. ఒకటీ అరా విషయంలో అది నిజమే గానీ చాలావరకు ఇవి ఎక్కువ తక్కువల మాటలు కావు, ఒక్కోటీ ఒక్కో రకం అందం గురించి చెప్తుంది.

దీనికి నేను చెప్పే పద్ధతి ఒకటే. ఇంగ్లీషు మాట వెతికే ముందు, అదే విషయం రాత్రికి ఇంటికి ఫోన్ చేసి అమ్మకి చెప్తే ఏమంటారో మనసులో అనుకోండి. చంటిపిల్లాణ్ణి చూసి మనం "అందంగా ఉన్నాడు" అనం, "ముద్దొస్తున్నాడు" అంటాం. పెళ్ళిచూపులకి వెళ్ళొచ్చిన పెద్దమ్మ "పిల్ల చక్కగా ఉందే" అంటుంది. పంచె కట్టుకుని పెళ్ళికొచ్చిన పెదనాన్నగారు హుందాగా, నిండుగా ఉన్నారంటాం. చిన్న ఇల్లే అయినా సర్దుకున్న తీరు బాగుంటే పొందిగ్గా ఉందంటాం. ఎవరి మొహమో చూసి కళ ఉందంటాం. ఈ తేడాలన్నీ మనకి ఉగ్గుపాలతో వచ్చినవే, ఎవరూ నేర్పక్కర్లేదు, ఇంగ్లీషు దగ్గరకొచ్చేసరికే అన్నిటినీ కలిపేసి "అందం" అనుకుని అక్కణ్ణుంచి బ్యూటిఫుల్‌కి దూకేస్తున్నాం. ఇక్కడి కన్నడ వాళ్ళకి "చెన్నాగిదె" అనే ఒక్క మాటతో ఎంత పని జరిగిపోతుందో మనకి "బాగుంది"తో అంత జరిగిపోతుంది, నోటికి అలవాటైన ఆ సుఖమే ఇంగ్లీషులోకీ వచ్చేసింది.

కాబట్టి రఫ్‌గా ఇలా పెట్టుకోండి: ముద్దొస్తే క్యూట్, చక్కగా ముచ్చటగా ఉంటే ప్రెట్టీ, చూడగానే మనసుకి హాయిగా అనిపిస్తే లవ్లీ, ఠీవిగా హుందాగా ఉంటే హ్యాండ్సమ్ లేదా ఎలిగెంట్, పొందిగ్గా ఉంటే కోజీ, కళ్ళు తిప్పుకోలేకపోతే గార్జియస్ లేదా స్టన్నింగ్. తెలుగులో కూడా అందం అనే మాటే నోటికొస్తే అప్పుడు బ్యూటిఫుల్. నూటికి నూరుపాళ్ళు కుదరదు, ఎక్కడ కుదరదో చెప్తా.

ముందు బ్యూటిఫుల్, ప్రెట్టీ సంగతి తేల్చేద్దాం, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. జనవరి ఫిబ్రవరి వచ్చేసరికి బెంగుళూరులో టబెబూయా చెట్లు ఆకులు రాల్చేసుకుని ఒళ్ళంతా గులాబీ రంగు పూలేసుకుని నిలబడతాయి కదా (పుట్టిల్లు మధ్య అమెరికా వైపు, కానీ ఇప్పుడు ఈ ఊరి చెట్టే అయిపోయింది). కింద రాలిన ఒక్క పువ్వు చేతిలోకి తీసుకుంటే అది ప్రెట్టీ. తలెత్తి చెట్టంతా చూస్తే బ్యూటిఫుల్. వీధి పొడుగునా అవే చెట్లుండి, కింద రోడ్డు కూడా గులాబీ రంగైపోయి, మీరు బండి పక్కకి ఆపి ఫోన్ తీసేదాకా వస్తే అది స్టన్నింగ్. అలాగని సైజు ఒక్కటే కొలత కాదు. ప్రెట్టీ అనేది కంటికి తేలిగ్గా తగిలి ముచ్చటేసే అందం, జూకాలు, కుర్తీ మీద పూల ప్రింటు, చిన్నపిల్ల గౌను, ఇందిరానగర్ సందులో తీగలు పాకించిన చిన్న కాఫీ షాపు. బ్యూటిఫుల్ ఇంకా లోపలిదాకా వెళ్తుంది, దానికి కంటితో పని కూడా లేదు, పాట బ్యూటిఫుల్, మనసు బ్యూటిఫుల్, చిన్నస్వామి స్టేడియంలో ఫీల్డర్లు కదలకుండా నిలబడిపోయిన కవర్ డ్రైవ్ బ్యూటిఫుల్, పేజీడు గందరగోళాన్ని పది లైన్లకి కుదించిన కోడ్ కూడా బ్యూటిఫుల్. అదే కోడ్‌ని ప్రెట్టీ అన్నారనుకోండి, స్పేసులూ లైన్లూ బాగా సర్దారని అర్థమొస్తుంది, లాజిక్ గురించి కాదు. ప్రోగ్రామింగ్‌లో ప్రెట్టీ ప్రింట్ అనేది సరిగ్గా ఆ సర్దుడికే కదా.

మనుషుల విషయంలోనూ ఇదే. "షీ ఈజ్ ప్రెట్టీ" అంటే మొహం గురించి. "షీ ఈజ్ ఎ బ్యూటిఫుల్ పర్సన్" అంటే చాలాసార్లు గుణం గురించి, ఆవిడ చూడ్డానికి ఎలా ఉంటారో ఆ మాట చెప్పదు. ప్రెట్టీ మామూలుగా ఆడవాళ్ళకే వాడతారు, మగాణ్ణి "ప్రెట్టీ బాయ్" అంటే మెచ్చుకోలు కాదు, సున్నితంగా సోకు చేసుకుని తిరిగేవాడని ఎకసెక్కం. బ్యూటిఫుల్ మగాళ్ళకి వాడకూడదని రూలేం లేదు గానీ, ఆఫీస్ క్యాంటీన్‌లో "హీ ఈజ్ బ్యూటిఫుల్" అంటే నలుగురూ తిరిగి చూస్తారు.

ఇంకో సంగతి, ప్రెట్టీకి అందంతో సంబంధం లేని రెండో ఉద్యోగం ఉంది. "ప్రెట్టీ గుడ్" అంటే బాగానే ఉంది, ఫర్వాలేదు అని. అప్రైజల్‌లో మేనేజర్ "యువర్ వర్క్ ఈజ్ ప్రెట్టీ గుడ్" అన్నాడంటే స్వీట్ బాక్స్ కొనేముందు ఆగండి, గొంతు ఎలా ఉందో చూసుకోండి, వెనకాలే "బట్" రావచ్చు. పలకడం కూడా ప్రెట్టీ కాదు, ప్రిటీ అనాలి, మనం మాత్రం ట కింద ఇంకో ట పెట్టి నొక్కి మరీ ప్రెట్టీ అంటాం. ఈ మాట పాత ఇంగ్లీషులో జిత్తులమారి అనే అర్థంతో మొదలైందట అంటే చాలామంది నమ్మరు, కానీ నిజమే, జిత్తులమారి నుంచి తెలివైన, అక్కణ్ణుంచి చక్కని, అలా మెల్లగా మారుకుంటూ వచ్చింది.

క్యూట్‌దీ అలాంటి కథే, అక్యూట్ అనే మాట ముందు అక్షరం పోగొట్టుకుని క్యూట్ అయ్యింది, మొదట్లో చురుకైన అనే అర్థం. ఆ వాసన ఇప్పటికీ పోలేదు, అమెరికన్ క్లయింట్ ఎవరైనా "డోంట్ గెట్ క్యూట్ విత్ మీ" అంటే మీరు ముద్దొస్తున్నారని కాదు, అతితెలివి చూపించకు అని. ఇప్పుడు వాడుకలో క్యూట్ పిల్లలకీ, కుక్కపిల్లలకీ, చిన్నచిన్న వస్తువులకీ బాగా కుదురుతుంది. పెద్దవాళ్ళకి వాడితే రెండు దార్లు, ఒకటి ఇష్టపడుతున్నారనే సూచన, రెండోది చిన్నపిల్లలా తీసిపారేయడం. అందుకే మీ కంటే సీనియర్‌ని క్యూట్ అనకండి, ఎవరి ప్రెజెంటేషన్ గురించీ "క్యూట్ ఐడియా" అనకండి, వాళ్ళు నెలంతా కష్టపడి చేసినదాన్ని మీరు బొమ్మలాటలా చూశారని వాళ్ళకి అనిపిస్తుంది.

హ్యాండ్సమ్ మగాళ్ళ మాట అని అందరికీ తెలుసు, తెలియాల్సింది మిగతాది. ఇందులో అందంతోపాటు కొంచెం ఒడ్డూ పొడుగూ, కొంచెం ఠీవి, వయసొచ్చిన తీరు ఉంటాయి, అందుకే పదేళ్ళ పిల్లాణ్ణి హ్యాండ్సమ్ అంటే సరదాకి అన్నట్టే ఉంటుంది. ఆడవాళ్ళకీ వాడతారు, "ఎ హ్యాండ్సమ్ వుమన్" అని పాత నవలల్లో కనిపిస్తుంది, అంటే నడివయసు దాటి, తీరైన గట్టి ముఖకవళికలతో, హుందాగా ఉండే మనిషి. చదివినప్పుడు అర్థం చేసుకోండి చాలు, ఎవరి మొహమ్మీదా అనకండి. కట్టడాలకి మాత్రం ఈ మాట భలే నప్పుతుంది. విధానసౌధ ఉంది కదా, 1956లో పూర్తయిన ఆ గ్రానైట్ కొండని ప్రెట్టీ అంటే నవ్వుతారు, హ్యాండ్సమ్ బిల్డింగ్ అంటే సరిగ్గా సరిపోతుంది, దానికి ఎదురుగా 1860ల్లో కట్టిన ఎర్రటి అట్టారా కచేరికి (ఇప్పటి హైకోర్టు) కూడా అంతే. లాల్‌బాగ్ గ్లాస్ హౌస్‌కి మాత్రం కుదరదు, సన్నటి ఇనుప పనితనం, గాజు, వెలుతురు, అది ఎలిగెంట్. ఎలిగెంట్ అంటే ఎక్కడా అతి లేని అందం, అంచు తప్ప ఏ హంగూ లేని కాటన్ చీర ఎలిగెంట్, జరీతో నిండిపోయిన పెళ్ళిచీర గార్జియస్.

జీతానికి కూడా హ్యాండ్సమ్ అంటారు, "హ్యాండ్సమ్ ప్యాకేజ్" అంటే దండిగా ఇచ్చారని. అదే "అట్రాక్టివ్ ప్యాకేజ్" అని ఉద్యోగ ప్రకటనలో రాస్తే మిమ్మల్ని లాగడానికి రాసింది, అంకె ఎంతో వాళ్ళింకా చెప్పలేదు. అట్రాక్టివ్ అసలు గుణమే అది, లాగడం. మనిషిని అట్రాక్టివ్ అంటే మొహం ఒక్కటే కాదు, గొంతు, నడక, మాట్లాడే తీరు అన్నీ కలిపి. మూడో మనిషి గురించి చెప్పేటప్పుడు కొంచెం దూరంగా నిలబడి రిపోర్టు రాసినట్టుంటుంది, ఎదుటి మనిషితో "యూ ఆర్ అట్రాక్టివ్" అంటే మాత్రం నేను లాగబడ్డాను అని చెప్పినట్టే, కాబట్టి ఆ ఉద్దేశం ఉంటేనే అనండి.

ఏ మాటా తోచనప్పుడు, ఆడా మగా ఎవరికైనా గుడ్ లుకింగ్ నడుస్తుంది, రూపం గురించి తప్ప ఇంకేం చెప్పదు. మోర్ గుడ్ లుకింగ్ అనకండి, బెటర్ లుకింగ్ అనాలి. అలాగే మోర్ ప్రెట్టియర్, మోర్ క్యూటర్ కూడా వద్దు, ప్రెట్టియర్, క్యూటర్ అంటే చాలు, మోర్ అనేది బ్యూటిఫుల్, గార్జియస్ లాంటి మాటలకి.

నన్నడిగితే ఆఫీసు వాడకానికి అన్నిటికంటే పనికొచ్చే మాట లవ్లీ. నా ఓటు దానికే. మనిషిని మెచ్చుకోవచ్చు, చీరని, వంటని, సాయంత్రం చల్లగాలిని, ఎవరో పంపిన మెయిల్‌ని కూడా. అందంతోపాటు ఆప్యాయత ఉంటుంది, కోరిక వాసన ఉండదు. "షీ ఈజ్ ఎ లవ్లీ లేడీ" అంటే మంచావిడ అని, రూపం మాటే రాలేదు. బ్రిటిష్ వాళ్ళయితే కాఫీ కప్పు అందుకున్నా లవ్లీ అంటారు. ఒక్క జాగ్రత్త, చివర లీ ఉంది కదా అని "షీ సింగ్స్ లవ్లీ" అనేస్తారు కొందరు, అది కుదరదు, "షీ సింగ్స్ బ్యూటిఫుల్లీ" అనాలి.

గార్జియస్, స్టన్నింగ్ ఈ రెండూ పైమెట్టు మాటలు, ఇక్కడ మార్కుల లెక్క కొంచెం నిజమే. వాటిలోనే "చాలా" కలిసి ఉంది కాబట్టి వెరీ గార్జియస్ అనక్కర్లేదు, గట్టిగా చెప్పాలంటే "యాబ్సల్యూట్లీ గార్జియస్" అంటారు. బ్యూటిఫుల్‌కి వెరీ పెట్టుకోవచ్చు, అభ్యంతరం లేదు. గార్జియస్‌ని మనం గార్జియస్ అని సాగదీస్తాం, ఇంగ్లీషు వాళ్ళు గోర్జస్ అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు, హ్యాండ్సమ్‌లో డ కూడా పలకరు, హ్యాన్సమ్ అంతే. స్టన్నింగ్‌కి మూలం దిమ్మ తిరిగేలా కొట్టడం, అందుకే పేపర్లో "స్టన్నింగ్ డిఫీట్" అని చూసి ఓటమి అందంగా ఉందనుకోకండి, ఎవరూ ఊహించని ఓటమి అని. రోజూ లంచ్ బాక్సుకి కూడా గార్జియస్ అనేవాళ్ళుంటారు, వాళ్ళకి నిజంగా దిమ్మ తిరిగే రోజొచ్చినప్పుడు చేతిలో మాట మిగలదు.

ఇప్పుడు మన దేశంలో ఒక అర్థం, బయట ఇంకో అర్థం ఉన్న మాటలు, అసలు గొడవలు ఇక్కడే. స్మార్ట్ తీసుకోండి. తెలుగులోనే "వాడు స్మార్ట్‌గా ఉంటాడు" అంటే చూడ్డానికి బాగుంటాడని. బ్రిటిష్ వాళ్ళకి స్మార్ట్ అంటే నీటుగా తయారయ్యాడని, కాబట్టి కొంచెం దగ్గరే. అమెరికన్ వింటే తెలివైనవాడని అనుకుంటాడు. సూట్ వేసుకొచ్చిన కొలీగ్‌ని మెచ్చుకోవాలంటే "యూ లుక్ షార్ప్" అనండి, ఎవరికైనా అర్థమవుతుంది.

హోమ్లీ ఇంకా ప్రమాదం. మన పెళ్ళి ప్రకటనల్లో "ఫెయిర్, హోమ్లీ గర్ల్" అని ఎన్నేళ్ళుగానో వస్తోంది, ఇంటిపట్టున ఉండే అణకువైన పిల్ల అని మన ఉద్దేశం. అమెరికాలో మనిషిని హోమ్లీ అంటే అందంగా ఉండదని, మర్యాదగా చెప్పిన అనాకారి అన్నమాట. సంబంధం న్యూజెర్సీ వైపు చూస్తూ ప్రొఫైల్‌లో హోమ్లీ అని రాశారనుకోండి, అక్కడే పుట్టి పెరిగిన అబ్బాయి చదివి ఏమనుకుంటాడో ఆలోచించండి. ఫ్యామిలీ ఓరియెంటెడ్ అనో, డౌన్ టు ఎర్త్ అనో రాయండి. ఇళ్ళకీ హోటళ్ళకీ అయితే బ్రిటిష్ ఇంగ్లీషులో హోమ్లీ మంచి మాటే, మన ఇంట్లో ఉన్నట్టుంది అని, అమెరికన్లు దానికి హోమీ అంటారు. మారతహళ్ళి పీజీల బోర్డుల మీద "హోమ్లీ ఫుడ్" అని ఉంటుంది కదా, దాన్ని మార్చక్కర్లేదు, ఆ సాంబారు తిన్నాక ఎవరికి ఏ అర్థం తోస్తే అది.

ఫెయిర్ విషయానికొస్తే, ఒకప్పుడు ఇంగ్లీషులో అందమైన అనే అర్థం ఉండేది, ఇప్పుడు మనిషి రూపం గురించి వాడితే తెల్లటి రంగు అని మాత్రమే. రంగునీ అందాన్నీ కలిపేసే అలవాటు మీద చాలా విమర్శ వచ్చాకే ఫెయిర్ అండ్ లవ్లీ క్రీమ్ 2020లో గ్లో అండ్ లవ్లీ అని పేరు మార్చుకుంది. ఎవర్నైనా మెచ్చుకోవడానికి ఫెయిర్ వాడకండి, అది మెచ్చుకోలు కాదు, రంగు చెప్పడం. పని గురించి అయితే ఇంకా ఘోరం, "ఫెయిర్" అంటే అంతంతమాత్రం అని గ్రేడు.

హాట్, సెక్సీ గురించి పొడుగ్గా చెప్పను. స్నేహితులు బైక్ గురించి అనుకున్నా ఫర్వాలేదు, పని చేసే చోట మనుషుల గురించి వద్దు. 2013లో వచ్చిన పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల చట్టంలో, ఎదుటివాళ్ళు కోరుకోని లైంగికపరమైన వ్యాఖ్యలు కూడా వేధింపు కిందకే వస్తాయి, పదిమంది ఉన్న ప్రతి ఆఫీసులోనూ ఫిర్యాదులు తీసుకునే కమిటీ ఉండాలి. జోక్‌గా అన్నాను అంటే అక్కడ నడవదు.

అసలు ఆఫీసులో మనిషిని కాకుండా వాళ్ళు ఎంచుకున్నదాన్ని మెచ్చుకోవడం అన్నిటికంటే తేలిక. "యూ ఆర్ బ్యూటిఫుల్" అంటే శరీరం గురించి, "దట్స్ ఎ లవ్లీ శారీ" అంటే ఆవిడ అభిరుచి గురించి, "దట్ కలర్ రియల్లీ సూట్స్ యూ" అంటే రెండూ కలిసినా ఇబ్బంది లేకుండా ఉంటుంది. "యూ లుక్ గ్రేట్" కూడా ఎవరికైనా అనొచ్చు. చివర "టుడే" తగిలించకండి, ఈరోజు బాగున్నావ్ అంటే నిన్న బాలేనా అని మన ఇళ్ళల్లో వచ్చే ఎదురు ప్రశ్నే ఇంగ్లీషులోనూ వస్తుంది.

మాటలు పేర్చేటప్పుడు ఒక చిన్న వరస గుర్తుపెట్టుకోండి, మన అభిప్రాయం ముందు, తర్వాత వయసు, ఆ తర్వాత రంగు. "ఎ బ్యూటిఫుల్ ఓల్డ్ రెడ్ బిల్డింగ్" అనాలి, "రెడ్ ఓల్డ్ బ్యూటిఫుల్" అంటే అర్థమవుతుంది గానీ చెవికి గుచ్చుకుంటుంది. ఇంకా డౌటొస్తే సినానిమ్స్ లిస్టులు చూడకండి, అవే కదా మనల్ని ఇక్కడిదాకా తెచ్చింది, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ లాంటి లెర్నర్స్ డిక్షనరీలు ఆన్‌లైన్‌లో ఫ్రీగానే ఉన్నాయి, అర్థం వదిలేసి కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యాలు చదవండి, ఆ మాట పక్కన ఎలాంటి మనుషులు, ఎలాంటి వస్తువులు కనిపిస్తున్నాయో చూస్తే దాని తీరు తెలిసిపోతుంది.

ఇక మిమ్మల్నే ఎవరైనా మెచ్చుకుంటే ఏం చెయ్యాలో కూడా చాలామందికి తెలీదు, "నో నో, ఇట్స్ ఓల్డ్" అని కొట్టిపారేస్తారు, మనలో అది వినయం, మెచ్చుకున్న బయటివాళ్ళకి మాత్రం వాళ్ళ అభిరుచే బాలేదని మీరు చెప్పినట్టుంటుంది. థాంక్యూ అనేసి ఒక ముక్క కలపండి, "థాంక్యూ, ఐ గాట్ ఇట్ ఇన్ చిక్‌పేట్" అంటే చాలు, అవతలి మనిషి ఏ షాపు, ఎంతకిచ్చాడు అని మొదలెడతారు.